చప్పుడు చేయని మీటలు

అత్‌బాషి పక్క పల్లె,
డిసెంబరు 12

తమ్ముడు మిర్లాన్‌కి,

ఇక్కడ మనుషులమూ మందా క్షేమం. ఆవు ఒట్టిపోయింది. గొర్రెలకి గడ్డి వసంతం దాకా సరిపోతుందని మా బావగారు అంటున్నారు, సరిపోదని ఆయన పెళ్లాం అంటోంది. నీ దగ్గర బొగ్గు పొగ ఎలా ఉంది? దగ్గు తగ్గిందా?

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని నవ్వుతావు. చలికాలం మా ఇంట్లో రెండు గదులకే పొయ్యి వెలిగిస్తాం. ఫోన్‌లో నేను గొంతు సవరించుకున్నా అత్తయ్యకి వినబడుతుంది. బయటికెళ్లి మాట్లాడదామంటే చలికి పెదవులు కదలవు. పాటల ఫైళ్లు పంపడానికి ఇక్కడి సిగ్నల్ ఎలాగూ పనికిరాదు. అందుకని వ్యాన్ డ్రైవర్ తురాత్ చేతికి కవరు ఇస్తున్నాను. అతను కవర్లు విప్పడు కానీ అతని నోట్లో నువ్వుగింజ నానదు. నువ్వు అతనితో ఏమీ చెప్పకు.

విషయం ఇది. ఎర్మెక్ సంవత్సరీకం మార్చి ఆఖర్లో చేద్దామని పెద్దలు నిర్ణయించారు. కోయడానికి గుర్రాన్ని ఇప్పటి నుంచే మేపుతున్నారు. ఆ రోజు నేను కోషోక్ పాడాలి, పోయినవాడి మీద శోకం నేనే మాటలు కట్టి. ఎర్మెక్‌ని ఇంటికి తెచ్చిన రోజు నువ్వు చూశావు కదా. గుడారంలో ఆడవాళ్లందరూ నడుం మీద చేతులు పెట్టుకుని, గోడవైపు తిరిగి శోకాలు తీస్తుంటే, కట్టుకున్నదాన్ని, నా నోట్లోంచి ఒక్క కూత రాలేదు. ఊళ్లో వాళ్ల పెళ్లిళ్లన్నిటికీ వాయించినదానికి సొంత మొగుడి చావుకి గొంతు పెగల్లేదని ఇప్పటికీ అంటున్నారు. వెనకాల కాదు, నా ముందే. అత్తయ్య మాత్రం ఏమీ అనలేదు. "సంవత్సరీకానికి పాడుతుందిలే" అని నా తరఫున ఆవిడే అందరికీ మాట ఇచ్చేసింది. ఆ రోజు కూడా నేను మూగదానిలా కూర్చుంటే ఇక ఆవిడకి నలుగురిలో ముఖం చెల్లదు.

నాకు ఏడుపు రాలేదు తమ్ముడూ. ఇప్పటికీ రావడం లేదు. చన్నీళ్లలో చాలాసేపు ఉంచిన చేతుల్లా ఉంది ఒళ్లంతా. బాధగా కూడా లేదు. గొంతుతో రానిది వేళ్లతో వస్తుందేమో, ముందు వరస దొరికితే మాటలు దాని వెనకే వస్తాయేమో అని చూస్తున్నాను. మా కీబోర్డు వెనక కొట్టుగదిలో ఉంది. మీ స్టూడియో వాళ్లు ఎవరో ముసలాయన చేత ఒక్కొక్క స్వరమే వాయించి తయారుచేసిన కియాక్ వాద్యం నువ్వు నా ల్యాప్‌టాప్‌లో ఎక్కించావు కదా, దాన్ని కీబోర్డుకి కలిపి మధ్యాహ్నాలు వాయిస్తున్నాను. హెడ్‌ఫోన్లు పెట్టుకునేలే. ఏడాది తిరిగే దాకా ఈ ఇంట్లో పాట వినబడకూడదు. టీవీ మీద కూడా గుడ్డ కప్పే ఉంది.

కానీ ఆ కియాక్ సరిగా పలకడం లేదు. ఒక స్వరం గొణుగుతుంది, దాని పక్కది కేకేస్తుంది. ఎర్మెక్ ఉన్నప్పుడు ఇలా లేదు. ఎందుకిలా అవుతోందో, ఎలా సరిచేయాలో రాయి.

అక్క పెరీజాత్


బిష్కెక్,
డిసెంబరు 19

అక్కా,

ఉత్తరం అందింది. కవరు ఇస్తూ తురాత్ "మీ అక్క ఏం రాసిందేంటి?" అని అడిగాడు. చదివి వినిపించనా అంటే, అబ్బే టైమ్ లేదంటూ కుర్చీ లాక్కుని టీకి కూర్చున్నాడు. దగ్గు తగ్గలేదు. ఈ ఊళ్లో చలికాలం దగ్గనివాణ్ణే జనం అనుమానంగా చూస్తారు.

ఇక నీ కియాక్ జబ్బు సంగతి. దిగులుపడకు, ఇది మా దగ్గరికి వచ్చే ప్రతివాళ్లకీ ఉన్న జబ్బే. నువ్వు మీట నొక్కగానే కీబోర్డు రెండు సంగతులు చెబుతుంది: ఏ స్వరం, ఎంత గట్టిగా. ఆ గట్టితనానికి ఒకటి నుంచి నూట ఇరవై ఏడు దాకా అంకె ఉంటుంది. చిన్న అంకె వెళితే, ముసలాయన కమాను మెల్లగా లాగినప్పుడు మేం పట్టుకున్న శబ్దం మోగుతుంది. పెద్ద అంకె వెళితే, గట్టిగా లాగినప్పటిది. అంకెలు తప్పుగా వెళ్తున్నాయన్నమాట. నీ చేతిలో తప్పుండదు, ఆ చెయ్యి నాకు తెలియదా. తప్పంతా పెట్టెదే.

ముందు కీబోర్డు మీద స్పర్శ అనే చోట ఏముందో చూడు. గట్టి అని ఉంటే మెత్తనకి మార్చు. అప్పటికీ దారికి రాకపోతే అడుగు విప్పాలి. ప్రతి మీట కిందా ఒక రబ్బరు బుడిపె ఉంటుంది, దాని కింద రెండు నల్ల చుక్కలు. వాటి మీద దుమ్ము పడ్డా, చెమ్మ తగిలినా, దెబ్బ తగిలినా అంకెలు గల్లంతవుతాయి. దోలోన్ కనుమలో బావ ఉన్న వ్యాన్ పల్టీ కొట్టినప్పుడు అది కూడా లోపలే ఉంది కదా. రాయకూడదనుకుంటూనే రాసేశాను, ఏమీ అనుకోకు. స్పిరిట్‌తో తుడువు. మీ బావగారు పక్కన ఉంటే సీసా మీద ఒక కన్ను వేసి ఉంచు.

కోషోక్ గురించి మరీ అంత ఆలోచించకు. ఆ రోజు నువ్వు అలిసిపోయి ఉన్నావు. వస్తే పాడతావు, రాకపోతే లేదు. ఈ రోజుల్లో ఎవరు పట్టించుకుంటున్నారు అవన్నీ?

స్క్రూలు పోకుండా గిన్నెలో వేసుకో.

నీ మిర్లాన్


పల్లె,
జనవరి 4

మిర్లాన్‌కి,

అందరం క్షేమం. కొత్త సంవత్సరం వచ్చి వెళ్లిందట. మేం చెయ్యలేదు.

స్పర్శ మెత్తనకి మార్చాను. తేడా లేదు. నువ్వు చెప్పినట్టే అడుగు విప్పాను. మీటల కింద ఒక మిఠాయి, ఒక నాణెం దొరికాయి. ఎవరి పెళ్లిలోనో కొత్త జంట మీద చల్లినవి కాబోలు. ఆఖరి పెళ్లిలోవే అయి ఉండొచ్చు. ఆ రోజు నాకు జ్వరం, ఎర్మెక్ ఒక్కడే వెళ్లాడు. అతను పాడుతూ వాయించడం కష్టమని, మెల్లగా వాయించుకునే పాటలే ఎంచుకోమని చెప్పి పంపాను. మిఠాయి కాగితం విప్పి తినేశాను. తియ్యగానే ఉంది.

రబ్బర్లన్నీ తుడిచాను. పగిలినవి ఏవీ లేవు. మళ్లీ బిగించి వాయిస్తే మళ్లీ అదే గోల. నడిమి మీటలు గొణుగుతాయి, చివర్లవి అరుస్తాయి. వరస నడిమి మీటల్లోనే ఉంటుంది కదా, అది వినబడదు. వినబడనిదాని వెంట గొంతు ఎలా పోతుంది?

ఎవరు పట్టించుకుంటారని అడిగావు. ఊరంతా. మొన్న నూతి దగ్గర మా తోటికోడలు, అందరి ముందు, "మా చెల్లెలికి మైకు ఉంటేనే గొంతు లేస్తుంది, సంవత్సరీకానికి ఒకటి అద్దెకి తెద్దాం" అంది. నవ్వారు. నేనూ నవ్వాను, నిజంగానే హాస్యంగా ఉంది.

ప్రతి గురువారం మామూలే. ఎర్మెక్‌కి వాసన అందాలని అత్తయ్య నూనె కాచి పిండి ముక్కలు వేయిస్తుంది. నేను పిండి వత్తుతాను. ఇల్లంతా పొగ కమ్ముకున్నాక ఆవిడ తలుపు కొద్దిగా తీసి, బయటికి పోతున్న పొగని కాసేపు చూస్తుంది. పోయిన వారం వేయిస్తూ వేయిస్తూ, "మధ్యాహ్నం పూట కొట్టుగదిలో ఎలుకలు తిరుగుతున్నాయే, టకటకమంటున్నాయి" అంది. తరవాత రోజు కీబోర్డు కింద మందపాటి ఉన్ని తివాచీ ముక్క వేశాను, ఇంకా మెల్లగా వాయిస్తున్నాను.

ఇంకేదైనా ఉపాయం ఉంటే రాయి.

పెరీజాత్


బిష్కెక్,
జనవరి 12

అక్కా,

మిఠాయి ఎందుకు తిన్నావు? ఎన్నాళ్ల కిందటిదో ఏమో. కడుపునొప్పి రాలేదు కదా?

సరే, రబ్బరు బాగుంటే రోగం లోపలి తీగల్లో ఎక్కడో ఉంది. అక్కడ నుంచి బాగు చెయ్యడం కుదరదు. అందుకని పెట్టెని నమ్మడం మానేద్దాం. కియాక్ తెరిచినప్పుడు కుడివైపు మూల ఒక గడి ఉంటుంది, స్థిరం అని. దాన్ని నొక్కి తొంభై అని కొట్టు. ఇక నువ్వు మీటని సుత్తితో కొట్టు, ఈకతో తాకు, ప్రతి స్వరం తొంభై అనే పలుకుతుంది. ఎగుడుదిగుళ్లు ఉండవు.

ఇప్పుడు అసలు సంగతి విను. మా స్టూడియో పెద్దాయనకి ఒక మనిషి కావాలి. కియాక్, కొముజ్, డోలు, అన్నీ కీబోర్డు మీద వాయించాలి, మన బాణీలు తెలిసి ఉండాలి. సంగీత కన్సర్వేటరీ పిల్లలకి స్వరాలు వచ్చు, బాణీ రాదు. నీ పేరు చెప్పాను. ఒక వరస రికార్డు చేసి పంపమన్నాడు. స్వరాలు సమంగా, శుభ్రంగా ఉండాలి, ఆయన చెవి అలాంటిది. సంవత్సరీకం అయ్యాక నువ్వు ఎలాగూ నల్లగౌను విప్పేస్తావు. ఆ తరవాత ఆ కొట్టుగదిలో నీకేం పని? ఎర్మెక్ బావే లేనప్పుడు వాళ్ల గొర్రెల దగ్గర ఎన్నాళ్లు కూర్చుంటావు? మా ఇంటి ఓనరమ్మ పక్క గది ఖాళీ చేయిస్తానంది.

తొందరగా పంపు. ఆయనకి ఓపిక తక్కువ.

మిర్లాన్


పల్లె,
జనవరి 28

మిర్లాన్‌కి,

తొంభై పెట్టి వాయించాను. బాగుంది అనాలి. ఏదీ గొణగదు, ఏదీ అరవదు. రాత్రంతా మంచు కురిశాక మా పెరడు ఎలా ఉంటుందో అలా ఉంది, ఏది దిబ్బో ఏది గుంటో తెలియదు. నాకు అలవాటైనట్టే అనిపించింది. ఇప్పుడు నేను ఉన్నది కూడా అలాగే. ఆ తొంభై మీద ఎంతసేపైనా వాయించగలను. కానీ దాని వెంట మాట ఒక్కటీ రావడం లేదు. అందుకని ఆ గడి తీసేశాను.

వరస మాత్రం దొరికింది తమ్ముడూ. ఎర్మెక్ పెళ్లి విందుల్లో కొత్తకోడలి ముసుగు తీసేటప్పుడు పాడేవాడే, ఆ పాట మొదలు ఉంది కదా. దాన్ని బాగా నెమ్మదిచేస్తే శోకమే. ఇన్నాళ్లూ పక్కన కూర్చుని వాయించాను, ఎప్పుడూ తోచలేదు. నా చేత్తోనే మొత్తం వాయించి ఫ్లాష్ డ్రైవ్‌లో వేసి పంపుతున్నాను. ఎగుడుదిగుళ్లు అలాగే ఉన్నాయి. నువ్వే సరిచెయ్యి. ఏది ఎంత పలకాలో నీకు తెలుస్తుంది, ఎర్మెక్ గొంతు నీకు తెలుసు. సరిగ్గా వినబడితే రోజూ విని దాని మీద మాటలు కట్టుకుంటాను. ఇంకా రెండు నెలలే ఉంది.

బిష్కెక్ సంగతి తరవాత.

ఎలుకలు మానలేదని అత్తయ్య ఎవరింటి నుంచో పిల్లిని తెచ్చింది. ఒంటి కన్ను పిల్లి. ఎలుకల వైపు చూడదు, ఉన్నా లేకపోయినా. నేను వాయిస్తుంటే వచ్చి వెచ్చగా ఉందని ల్యాప్‌టాప్ మీద పడుకుంటుంది.

పెరీజాత్


బిష్కెక్,
ఫిబ్రవరి 10

అక్కా, నా బంగారు అక్కా,

పని అయిపోయింది! ఎంత చక్కటి వరస పంపావు. ఎగుడుదిగుళ్లు మాత్రం దారుణం. తెర మీద ప్రతి స్వరం కిందా ఒక గీత ఉంటుంది, ఎంత పొడుగైతే అంత గట్టిగా పలికినట్టు. నీవి చూస్తే పళ్లూడిన దువ్వెనలా ఉన్నాయి. ఆదివారం అంతా కూర్చుని ఒక్కొక్క గీతా పట్టుకుని లాగాను. పొట్టివాటిని పెంచాను, పొడుగువాటిని నరికాను. చివరికి అన్నీ ఒక్క ఎత్తుకి వచ్చాయి. కప్పు మీద నుంచి చూస్తే నిలబెట్టిన సైనికుల్లా ఉన్నాయి.

సోమవారం పెద్దాయనకి వినిపించాను. కళ్లు మూసుకుని రెండుసార్లు విన్నాడు. "శుభ్రంగా ఉంది. ఈవిణ్ణి పిలిపించు" అన్నాడు. ఏప్రిల్ మొదటి వారంలో వచ్చెయ్. అప్పుడే వాడేసుకుంటున్నాడు కూడా. కురుత్ ప్రకటన ఒకటి చేస్తున్నాం, ముసలమ్మ పెరుగు ఉండలు చుట్టి ఎండబెడుతుంటే వెనక ఏదైనా నెమ్మదిగా వినబడాలి. నీ వరస అతికినట్టు సరిపోయింది. టీవీలో వస్తుంది అక్కా!

గది మాట్లాడాను. మీ అత్తగారికి సంవత్సరీకం అయ్యాక చెప్పు, ముందు చెప్పి గొడవ తెచ్చుకోకు. సామాను తేవడానికి తురాత్ వ్యాన్ మాట్లాడి ఉంచాను.

సరిచేసిన ఫైలు ఫ్లాష్‌లో ఉంది. విను, పొంగిపోతావు.

మిర్లాన్


పల్లె,
ఫిబ్రవరి 17

మిర్లాన్,

విన్నాను. ఎవరో తెలియని మనిషి మీద ఎవరో తెలియని మనిషి ఏడుస్తున్నట్టుంది.

అది ఉద్యోగానికి పంపింది కాదు. అది ఎర్మెక్ కోషోక్. రాశాను కదా. నువ్వు చదివే ఉంటావు, నీ తలలో వేరేది ఉంది, అంతే. దాన్ని పెరుగు ఉండలకి పెట్టారు.

నాకు కోపం రావాలి. వస్తుందేమో అని మూడు రోజులు ఆగి రాస్తున్నాను, రాలేదు.

తురాత్‌తో సామాను సంగతి ఎందుకు మాట్లాడావు? అతను వ్యాన్ మా గుమ్మం ముందే ఆపి, "కోడలు ఏప్రిల్లో పట్నం వెళ్తోందటగా" అని అత్తయ్యని అడిగాడు. ఆవిడ "అవును" అని లోపలికి వచ్చేసింది. సాయంత్రం టీ పోస్తూ నా పెళ్లి సందుగ తాళంచెవి తెచ్చి నా గిన్నె పక్కన పెట్టింది. ఎర్మెక్ పోయినప్పటి నుంచి అది ఆవిడ నడుముకే ఉండేది. వెళ్లనని నేను చెప్పలేదు. వెళ్తానని కూడా చెప్పలేదు. ఏది చెబితే నిజమవుతుందో నాకే తెలియదు.

ఇప్పుడు కొట్టుగదిలో చప్పుడు వినబడితే నేను మూటలు కట్టుకుంటున్నానని అనుకుంటుందేమో. అందుకని వేలు మీట మీద ఆనించి, అది అడుక్కి దిగే దాకా ఊపిరి బిగబట్టి నొక్కుతున్నాను. కియాక్ అసలు పలకడం లేదు. సంవత్సరీకం దగ్గరికొచ్చింది. ఇక నా వల్ల కాదనిపిస్తోంది.

పెరీజాత్


బిష్కెక్,
ఫిబ్రవరి 25

అక్కా,

నీ ఉత్తరం మెట్ల మీదే చదివాను. క్షమించమని రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. ముందు చేసిన పని చెబుతాను. పెద్దాయన దగ్గరికెళ్లి ఆ వరస తీసేయమన్నాను. "మరి కురుత్‌కి ఏం పెట్టను?" అన్నాడు. "ఆవు అరుపు పెట్టండి" అన్నాను. చాలా తిట్టాడు కానీ నా ముందే చెరిపేశాడు. ఉద్యోగం మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

తరవాత నీ ఆఖరి పేరా మళ్లీ మళ్లీ చదివాను. ఊపిరి బిగబట్టి నొక్కుతున్నాను అని రాశావే, అది. అప్పుడు తలుపు తెరుచుకున్నట్టు అయింది. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని డిసెంబరు నుంచి వాదిస్తున్నాను. పెట్టెలో తప్పు లేదు. తీగల్లో లేదు. మొదటి ఉత్తరంలోనే నేను నీకు తప్పు చెప్పాను. మీటకి నువ్వు ఎంత గట్టిగా నొక్కావో తెలియదు అక్కా, దానికి బరువే తెలియదు. రబ్బరు కింద రెండు చుక్కలు చూశావు కదా. మీట దిగుతూ ముందు ఒకదాన్ని తాకుతుంది, తరవాత రెండోదాన్ని. ఆ రెంటి మధ్య ఎంతసేపు పట్టిందో అదొక్కటే అది కొలుస్తుంది. గబుక్కున దిగితే పెద్ద అంకె, నెమ్మదిగా దిగితే చిన్న అంకె. చప్పుడు కాకూడదని నువ్వు నెమ్మదిగా దించావు. నడిమి మీటలు ఎక్కువ అరిగి ఎక్కువ టకటకలాడతాయి, వాటిని ఇంకా నెమ్మదిగా దించావు. చివర్లవి చప్పుడు చెయ్యవు కాబట్టి వాటి దగ్గర భయం మరిచిపోయావు. నువ్వు ఎక్కడెక్కడ గోడవతలి మనిషికి భయపడ్డావో ఆ పెట్టె పొల్లుపోకుండా రాసిపెట్టింది. నేను దాన్ని జబ్బు అన్నాను, తరవాత దువ్వెన అన్నాను.

ఉపాయం ఉంది. ఫ్లాష్‌లో ఒక వంపు, అంకెల్ని మార్చే గీత, పంపుతున్నాను. అది పెట్టుకుంటే అంకెలన్నీ పైకి వంగుతాయి, నువ్వు ఎంత నెమ్మదిగా నొక్కినా బాగా పలుకుతుంది. ఇక భయపడుతూనే వాయించుకోవచ్చు. ఇంకో ఉపాయం, మామూలుగా వాయించడం. అది నేను ఇక్కడి నుంచి పంపలేను.

నీ అసలు ఫైలు, నేను ముట్టుకోనిది, నా దగ్గర భద్రంగా ఉంది. సంవత్సరీకానికి ముందు రోజే వచ్చేస్తాను.

మిర్లాన్


పల్లె,
మార్చి 31

తమ్ముడు మిర్లాన్‌కి,

ఇక్కడ మనుషులం క్షేమం. మంద కొంచెం తగ్గింది, సంవత్సరీకం కదా. మంచు చరియలు పడి దోలోన్ కనుమ మూసేశారని, నువ్వు ఇవతలికి రాలేక కోచ్‌కోర్ నుంచే వెనక్కి వెళ్లావని తురాత్ చెప్పాడు. ఆ కనుమ మన మీద పగబట్టినట్టుంది. నువ్వు ఏమీ అనుకోకు. నీ భాగం మాంసం ఆరబెట్టి ఉంచాం.

నువ్వు రాలేదు కాబట్టి అన్నీ రాస్తాను.

నువ్వు పంపిన వంపు పెట్టుకున్నాను. నిజమే, ఎంత నెమ్మదిగా నొక్కినా పలికింది. ఒక పది రోజులు అలాగే వాయించాను. మాటలు రాలేదు. అప్పుడొక గురువారం, పిండి వేయించడం అయిపోయి పొగ ఇంకా ఇంట్లో ఉండగానే, అత్తయ్య కాసేపు నడుం వాలుస్తానంటే నేను కొట్టుగదికి వెళ్లాను. హెడ్‌ఫోన్లు ఉంటే వెనక ఎవరు వచ్చిందీ తెలియదు కదా. పిల్లి తలెత్తి చూస్తే నేనూ చూశాను. అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

"ఎలుకలు ఇంత తాళం తప్పకుండా ఎక్కడా తిరగవే" అంది.

నేను లేచాను. ఏదో చెప్పబోయాను, మూటలు కట్టుకోవడం లేదు అనో, ఏదో. ఆవిడ వినిపించుకోలేదు, గోధుమ బస్తా మీద కూర్చుంది. డిసెంబరు నుంచీ తనకి తెలుసంది. గోడకి ఆనుకుని ఉన్ని కుడుతూ రోజూ వింటున్నానంది, టకటకలో ఎర్మెక్ పాట నడక గుర్తుపట్టానంది. పిల్లిని తెచ్చింది ఎలుకల కోసం కాదట. రోజూ వచ్చే నా తోటికోడలు ఆ చప్పుడేమిటని అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలని తెచ్చిందట. ఈ మధ్య ఆ చప్పుడు తగ్గిపోతూ వచ్చి, ఆ రోజు అసలు వినబడకపోయేసరికి వెళ్లిపోయానేమో అనుకుని చూడటానికి వచ్చింది. వంపు పుణ్యమా అని ఇంకా మెల్లగా నొక్కుతున్నాను కదా మరి.

నీకేం వినబడుతుందో నాకూ వినిపించు అంది. ముసుగు మీదుగానే హెడ్‌ఫోన్లు పెట్టాను. వాయించాను. ఆవిడ మొహం చూస్తూ ఉండలేక మీటల వైపే చూశాను. అయ్యాక తీసి, చేతిలో పట్టుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎవరికి వినబడకూడదని ఇది?"

"మీకు" అన్నాను. "ఏడాది తిరగలేదు కదా అత్తయ్యా. పాట వినబడకూడదు."

"పాటకి తిరగలేదు. ఏడుపుకి ఏడాదెందుకు?" అంది. తరవాత నా వైపు చూడకుండా, పొయ్యి గది వైపు చూస్తూ అంది, "వాడికి అందాలని గురువారం గురువారం నూనె కాల్చి వాసన పంపుతున్నాం. ఏడుపు మాత్రం నీ చెవుల్లోనే దాచుకుంటే నా కొడుక్కి ఏం అందుతుందే?"

తీగ పట్టుకుని ల్యాప్‌టాప్ నుంచి పీకేసింది. నీ వంపు కూడా తీసేశాను తమ్ముడూ, అది నేనే తీశాను. తీసి వాయించాను. నడిమి మీటలు గుర్రం గిట్టల్లా టకటకమన్నాయి. ల్యాప్‌టాప్ గొంతు నీకు తెలుసు, రేకు డబ్బా. అయినా కియాక్ పలికింది, ప్రతి స్వరం దాని చోట అది. అత్తయ్య నూనె చేతులు గౌనుకి తుడుచుకుని, నడుం మీద పెట్టుకుని, గోడవైపు తిరిగింది. తిరిగి ఎత్తుకుంది. సరిగ్గా అదే వరస. గోడవతల కూర్చుని ఆవిడ అప్పటికే మాటలు కట్టేసుకుంది.

నాకు ఏడుపొచ్చిందని రాస్తే నువ్వు సంతోషిస్తావు. ఆ రోజు రాలేదు. చేతులు నొప్పెట్టాయి. మణికట్ల దగ్గర నుంచి భుజాల దాకా పోట్లు. చన్నీళ్లలోంచి తీసి పొయ్యి దగ్గర పెడితే ముందు వచ్చేది నొప్పే కదా. ఆ నొప్పితోనే వారం తిరిగాను, పిండి వత్తాను, గొర్రెల కింద ఊడ్చాను. మాటలు ఒక్కటొక్కటిగా వచ్చాయి.

సందుగ తాళంచెవి తిరిగి ఇచ్చేశాను. ఆవిడ తీసుకోలేదు. "వెళ్తే ఆ వాయించే పెట్టె వెంట తీసుకెళ్లు, ఉంటే టీవీ పక్కన పెట్టు. ఆ కొట్టుగదిలో చలికి నా పిల్లి చచ్చిపోతుంది" అంది. నేను ఇంకా ఏదీ తేల్చుకోలేదు. తేల్చుకున్నప్పుడు నీకే ముందు రాస్తాను, తురాత్‌కి కాదు.

సంవత్సరీకం నాడు గుడారం నిండా ఆడవాళ్లు. తోటికోడలు నా పక్కనే కూర్చుంది, మొహంలోకి చూస్తూ. అత్తయ్య నా వెనక. నేను గోడవైపు తిరిగాను. మొదట చాలాసేపు ఏమీ లేదు. వెనక ఎవరో దగ్గారు. మగవాళ్ల మాటలు బయట ఆగిపోయాయి. అప్పుడు అత్తయ్య నా వీపు మీద వేళ్లతో మెల్లగా కొట్టింది, టక, టక, మధ్యాహ్నం ఎలుకల్లాగా.

పాడాను తమ్ముడూ. ఎలా పాడానో నాకు తెలియదు. కొన్నిచోట్ల నా పక్కన ఉన్నదానికి కూడా వినబడి ఉండదు. అతని పేరు దగ్గర అంత పెద్దగా అరిచానట, బయట కట్టేసిన గుర్రాలు బెదిరాయని బావగారు అన్నారు. నడుమ ఏడుపు అడ్డమొచ్చి రెండు చరణాలు మింగేశాను. మొదలు నుంచి చివర దాకా ఎగుడుదిగుళ్లే.

ఎవరూ సరిచెయ్యమనలేదు.

మీ అక్క